తంజావూరు కోటలో కంచు దేవుళ్ళు

మత సంబంధమైన కళ ఎదురైనప్పుడు మనలో సాధారణంగా రెండు రకాల స్పందన కనిపిస్తుంది. ఒకటి భక్తుడిది. చేతులు జోడించి, కళ్ళు మూసుకుని, దణ్ణం పెట్టి వెళ్ళిపోతాడు. రెండోది మన మిత్రుల్లో చాలామందిది. ఇదంతా భూస్వామ్య యుగపు చెత్త అని తీర్పు చెప్పి, మొహం తిప్పుకుని వెళ్ళిపోతారు. ఈ ఇద్దరికీ సిద్ధాంతరీత్యా హస్తిమశకాంతరం ఉన్నప్పటికీ, ఇద్దరూ కూడా ఆ విగ్రహాన్ని చూడలేదన్నది వాస్తవం.

మార్క్సు 1857లో రాసుకున్న చిత్తు ఉపోద్ఘాతంలో గ్రీకు కళ గురించి ఒక ప్రశ్న వేశాడు. ఫలానా కళ ఫలానా సామాజిక దశలో పుట్టిందని చెప్పడం కష్టం కాదు, ఆ దశ గడిచిపోయాక కూడా అది మనకెందుకు ఆనందాన్నిస్తున్నదో చెప్పడమే కష్టం అని దాని భావం. చెత్త అని తోసిపుచ్చేవారు మొదటి సగం చదివి ఆగిపోయారు. రెండో సగాన్ని మనం పట్టించుకోకపోతే దాన్ని మఠాధిపతులూ, పురాతన వస్తువుల వ్యాపారులూ పట్టించుకుంటారు. పట్టించుకుంటున్నారు కూడా. అందుకే ఈ మధ్య తంజావూరు కోటలోని కళా ప్రదర్శనశాలను చూసి వచ్చాక, అక్కడ చూసినవాటిని కొంచెం వివరంగా చర్చించాలనిపించింది.

తంజావూరు మనకి పరాయి ఊరు కాదు. ఈ కోటను కట్టడం ప్రారంభించినవాళ్ళు నాయక రాజులు. 1532 ప్రాంతంలో సేవప్ప నాయకుడితో మొదలైన ఆ వంశం 1673లో విజయరాఘవ నాయకుడితో అంతమైంది. చేమకూర వెంకటకవి ‘విజయవిలాసం’ అంకితం పుచ్చుకున్న రఘునాథ నాయకుడు ఇక్కడివాడే. క్షేత్రయ్య పదాలు విన్న కొలువు ఇదే. రంగాజమ్మ ‘మన్నారుదాస విలాసం’ రాసింది ఇక్కడే. మన సాహిత్య చరిత్రలో దక్షిణాంధ్ర యుగం అని మనం చదువుకున్నదానికి ఇల్లు ఈ కోట. మదురై నాయకుడి సేన కోటలోకి వచ్చినప్పుడు విజయరాఘవుడు అంతఃపుర స్త్రీలందరినీ మందుగుండుతో పేల్చివేయించి, తాను యుద్ధంలో చచ్చిపోయాడని ‘తంజావూరి ఆంధ్ర రాజుల చరిత్ర’ చెబుతుంది. శృంగార ప్రబంధాల్లో నాయికలైన స్త్రీలకు ఆ కొలువులో దక్కిన విలువ ఎంతో ఆ ఒక్క సంఘటన చాలు చెప్పడానికి. తర్వాత కోట మరాఠా భోంసలేల చేతికి వచ్చింది. 1855లో మగ సంతానం లేకుండా రెండో శివాజీ చనిపోగానే ఆ రాజ్యాన్ని కంపెనీవారు కలిపేసుకున్నారు. దాదాపు వందేళ్ళ తర్వాత 1951లో ఈ కోటలోనే ఒక భాగంలో కళా ప్రదర్శనశాల వెలసింది.

నాయకుల కొలువుకూటంలో ఇప్పుడు రాజు స్థానంలో రెండో శరభోజి చలువరాతి బొమ్మ ఉంది. దాన్ని చెక్కినవాడు ఫ్లాక్స్‌మన్ అనే ఇంగ్లీషు శిల్పి. శరభోజి చేతులు జోడించుకుని నుంచున్నాడు. 1799లోనే రాజ్యాధికారం కంపెనీకి ఒప్పజెప్పి, కోటా దాని పరిసరాలూ మాత్రం మిగుల్చుకున్న రాజుకి ఆ నమస్కార భంగిమ చాలా సహజంగా ఉంది. అతని చుట్టూ, అతనికంటే ఏడెనిమిది వందల ఏళ్ళు పెద్దవాళ్ళైన దేవుళ్ళు బారులు తీరి ఉన్నారు.

ఈ కంచు బొమ్మల్ని గుడిలో చూడటం వేరు, ఇక్కడ చూడటం వేరు. ఇవి ఉత్సవ విగ్రహాలు. గర్భగుడిలోని రాతి మూలవిరాట్టు కదలదు కనక, పండగపూట వీధుల్లోకి తీసుకువెళ్ళడానికి పోతపోసినవి. పీఠాల కింద కర్రలు దూర్చే కన్నాలూ, కట్టే కడియాలూ చూస్తే వీటిని భుజాన మోసేవాళ్ళుండేవారన్న సంగతి గుర్తుకొస్తుంది. గుడిలో వీటికి పట్టుబట్టలు చుట్టి, నగలు పెట్టి, మెడ దాకా పూలదండలు వేస్తారు. భక్తుడికి కనిపించేది ఒక్క మొహం. దాన్నయినా దూరాన్నించి, హారతి వెలుగులో, క్షణంసేపు. శిల్పి ఒళ్ళంతా కళ్ళు చేసుకుని తీర్చిన నడుము వంపూ, మోకాలి చిప్పా, వీపూ ఎవరూ చూడరు. మ్యూజియంలో ఆ బట్టలు లేవు. వెనక్కి వెళ్ళి కూడా చూడవచ్చు. పైగా ఎవరైనా చూడవచ్చు. మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశానికి 1939లో ఒక చట్టం, 1947లో మరో చట్టం చెయ్యవలసి వచ్చింది. అంతవరకు ఈ దేవుళ్ళని పోషించిన పొలాల్లో నాట్లు వేసినవాళ్ళకి ఈ దేవుళ్ళని దగ్గరగా చూసే హక్కు లేదు. ఇక్కడ టిక్కెట్టు కొన్నవాడి కులం ఎవరూ అడగరు. మ్యూజియం అనే ఆధునిక సంస్థకి ఎన్ని లోపాలున్నా, ఈ మేరకు అది గుడి కంటే ప్రజాస్వామికమైనదని ఒప్పుకోక తప్పదు.

వీటన్నిటిలోకీ తలమానికం వృషభవాహనుడు. ఇది శీర్గాళి దగ్గరి తిరువెంగాడులో, భూమిలో పాతిపెట్టి ఉండగా బయటపడింది. ఆ గుడి శాసనాన్నిబట్టి దీని కాలం క్రీ.శ. 1011. పక్కనున్న అమ్మవారిది ఆ మరుసటి సంవత్సరం. మూడున్నర అడుగుల ఎత్తు. ఒక కాలి ముందు రెండో కాలు అడ్డంగా వేసి, తలకి జడల్నే పాగాలా చుట్టుకుని, ఒక చెయ్యి పక్కనున్న ఎద్దు మీద ఆనించి నుంచున్న శివుడు. కాని ఆ ఎద్దు ఇప్పుడు లేదు. చెయ్యి గాలిలో ఆని ఉంది. అయినా ఆ చేతి వాలులో, భుజం జారులో, ఎద్దు బరువూ వెచ్చదనమూ తెలుస్తూనే ఉన్నాయి. పొలం నుంచి వచ్చి, గట్టు మీద, తన ఎద్దుని ఆనుకుని ఒక నిమిషం సేద తీరే రైతు భంగిమ ఇది. ఏ ఆగమశాస్త్రమూ ఈ భుజం జారుని నేర్పలేదు. శాస్త్రం కొలతలు చెబుతుంది, చేతులెన్నో, ఆయుధాలేవో చెబుతుంది. ఈ సేద తీరడాన్ని శిల్పి కావేరి ఒడ్డున కళ్ళారా చూసి ఉండాలి. మార్క్సు ప్రశ్నకి నాకు తోచిన జవాబు ఇక్కడే మొదలవుతుంది. దేవుడి పేరుతో చేసినా, చేసినవాడు మనుషుల్ని చూసి చేశాడు. మనల్ని ఇవాళ కదిలిస్తున్నది అతను చూసిన ఆ మనిషి.

ఇది తయారైన విధం కూడా తెలుసుకోవాలి. సంస్కృతంలో దీన్ని మధూచ్ఛిష్ట విధానం అంటారు. అంటే తేనెమైనం పద్ధతి. మైనంలో గుగ్గిలం, నూనె కలిపి కాచి, దానితో ముందు బొమ్మ చేస్తారు. వేలి గోరు దగ్గరనుంచి నగల గింజల దాకా మైనంలోనే తీర్చాలి. దాని మీద మెత్తటి ఒండ్రుమట్టి పలచగా పూస్తారు. ఆ పైన మరింత ముతక మట్టి పొరలు. తీగలతో బిగించి ఆరబెడతారు. తర్వాత వేడి చేస్తే లోపలి మైనం కరిగి కన్నంలోనించి కారిపోతుంది. మిగిలిన బోలులోకి, కొలిమిలో కరిగించిన లోహం పోస్తారు. చల్లారాక మట్టి మూసని పగలగొట్టి బొమ్మని బయటికి తీసి, ఉలితో నునుపు చేస్తారు. మూస పగిలిపోతుంది కాబట్టి ఒక మూసకి ఒకే బొమ్మ. చోళుల విగ్రహాలు లోపల బోలుగా కాక గట్టిపోతగా ఉంటాయి. అంచేత ఒక్కొక్కదానికి మణుగుల కొద్దీ లోహం కావాలి. కుంభకోణం దగ్గర స్వామిమలైలో స్థపతులు నేటికీ ఇదే పద్ధతిలో పని చేస్తున్నారు. అక్కడి కొలిమి ముందు ఒక పూట నుంచుంటే, దైవత్వం అని మనం అనుకునేదానిలో చెమట పాలెంతో అర్థమవుతుంది.

కావేరి డెల్టా అంతా ఒండ్రు నేల. అక్కడ మట్టి ఉంది, మైనం ఉంది, పనివాడున్నాడు. రాగి గని మాత్రం లేదు. అంత లోహం దూరం నుంచి తెప్పించాలంటే దానికి మారకంగా ఇవ్వడానికి మిగులు ఉండాలి. ఆ మిగులు వరి. ఈ లెక్కలు మనం ఊహించి చెబుతున్నవి కావు. కోటకి మైలు దూరంలోనే ఉన్న పెద్ద గుడి గోడల మీద రాజరాజ చోళుడు చెక్కించి పెట్టాడు. ఆ గుడి 1010లో పూర్తయింది. అతని కూతురు కుందవ్వ వేంగీ విమలాదిత్యుడి భార్య. ఆమె కొడుకు రాజరాజనరేంద్రుడే నన్నయ చేత భారతం రాయించినవాడు. అంటే మన ఆదికావ్యాన్నీ ఈ కంచు దేవుళ్ళనీ పోషించిన రాజకుటుంబాలు వియ్యాలవారు.

ఆ గోడల మీద ఏముంది? గుడికి ఇచ్చిన అరవైకి పైగా విగ్రహాల జాబితా ఉంది. ఒక్కొక్కటి ఎన్ని మూరలు, ఎన్ని వేళ్ళు, చేతులెన్ని, నగలేమిటి అంతా ఉంది. ఆ విగ్రహాల్లో ఇప్పుడు అక్కడ మిగిలినవి వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. దేవుడి సొమ్మును గ్రామ సభలకు అప్పిచ్చి, కాసుకి ఏడాదికి ఎనిమిదో వంతు చొప్పున, అంటే నూటికి పన్నెండున్నర వడ్డీ రాబట్టిన లెక్క ఉంది. వేరు వేరు ఊళ్ళ గుళ్ళనుంచి తరలించి తెచ్చిన 400 మంది ఆటకత్తెల పేర్లు, ఏ వీధిలో ఎన్నో ఇల్లో, ఒక్కొక్కరికి ఏడాదికి వంద కలాల వడ్లు వచ్చే వాటా ఉన్నాయి. దీపాలు వెలిగించేవాళ్ళు, గొడుగులు పట్టేవాళ్ళు, కుమ్మరులు, చాకళ్ళు, మంగళ్ళు, దర్జీలు, వడ్రంగులు కూడా ఆ పట్టీలో ఉన్నారు. గుడి అంటే ఒక్క భక్తి కాదని, అది పెద్ద భూస్వామి, పెద్ద వడ్డీ వ్యాపారి, పెద్ద యజమాని అని ఇంతకంటే స్పష్టంగా మనం చెప్పలేము. రాజే చెప్పాడు.

ఇక గుడికి రాసిచ్చిన ఊళ్ళ శాసనాలలో మరొక మాట ఉంది. పన్ను వేయదగిన నేలను లెక్కగట్టేటప్పుడు తీసివేయవలసిన జాగాల పట్టిక అది. ఊరి నివేశనం, గుళ్ళు, చెరువులు, కాలవలు, కమ్మాణచ్చేరి, పఱైచ్చేరి, శ్మశానం. కమ్మాణచ్చేరి అంటే కమ్మరి, కంచరి, కంసాలి పనివాళ్ళ పేట. పఱైచ్చేరి అంటే పొలం పనిచేసే పఱైయర్ల పేట. లోహాన్ని దేవుడిగా మార్చినవాళ్ళూ, ఆ లోహానికి మారకమైన వరిని పండించినవాళ్ళూ ఈ బ్రహ్మాండమైన లెక్కల పుస్తకంలో శ్మశానం పక్కన, తీసివేతల పద్దులో కనిపిస్తారు. గుడి కట్టిన పెద్ద తచ్చుడు కుంజరమల్లన్ పేరు శాసనంలో చోటు సంపాదించింది. వృషభవాహనుణ్ణి పోతపోసిన చేతుల పేరు మాత్రం ఆ బొమ్మ మీద లేదు.

ఈ కళలో ఉన్నది పాలకవర్గ భావజాలం ఒక్కటే అనుకుంటే మళ్ళీ సగమే చూసినట్టు. అదే తిరువెంగాడు నుంచి వచ్చిన భిక్షాటన శివుణ్ణి చూడండి. ఒంటిమీద బట్ట లేకుండా, కపాలం పట్టుకుని బిచ్చానికి బయలుదేరిన దేవుడు. ఊళ్ళకి ఊళ్ళు సొంతమైన దేవుణ్ణి బిచ్చగాడిగా ఊహించడంలో ఒక వంచన ఉంది. భూమి నాది కాదు, ఆ బిచ్చగాడిదే అని చెప్పి భూస్వామి తప్పుకోవడానికి అది పనికొచ్చింది. కాని లేనివాడి ఊహ కూడా అందులో ఉంది. దేవుడంటూ ఉంటే మనలాగే ఉంటాడని. ఈ రెండూ ఒకే కంచులో కలిసి పోతపోశారు. వాటిని విడదీసి చూపించడమే విమర్శకుడి పని.

అక్కడే కన్నప్ప ఉన్నాడు. ధూర్జటి ‘శ్రీకాళహస్తి మాహాత్మ్యం’ చదివిన మనకి ఇతను తిన్నడు. నోటితో తెచ్చిన నీళ్ళు, ఎంగిలి మాంసం పెట్టి, దేవుడి కంట్లో నెత్తురు కారితే తన కన్ను పెకలించి ఇచ్చిన బోయవాడు. అడవి బిడ్డల్ని పొలాల నాగరికత మింగుతున్న కాలంలో, ఒక బోయవాణ్ణి నాయనారుని చేసి గుడిలో నిలబెట్టారు. ఇలా కలుపుకోవడం ఈ దేశపు పాలకవర్గాల పాత నేర్పు అని కోశాంబి చాలా చోట్ల చూపించాడు. కాని కలుపుకోవడానికి కూడా ఒక ధర ఉంది. కన్నప్ప కన్ను ఇచ్చుకున్నాడు. ఆదనూరు పొలాల్లో పులయ కులంలో పుట్టిన నందనారు కథ మరీ స్పష్టం. తిరుప్పుంగూరులో అతనికి దేవుడు కనిపించడానికి రాతి నంది పక్కకి జరిగిందట. గుడిలోకి మాత్రం రానివ్వలేదు. చిదంబరం గుడిలోకి పోవాలంటే అగ్నిలో దూకి శుద్ధి కావలసి వచ్చింది. రాయి జరిగింది గాని కులం జరగలేదని ఆ కథ తనకు తెలియకుండానే ఒప్పుకుంది.

ఈ విగ్రహాలు కోటకి ఎలా చేరాయన్నది మరో చరిత్ర. 1311లో మాలిక్ కాఫర్ దండయాత్ర వంటి అలజడుల్లో పూజారులు వీటిని నేలలో దాచారు. దాచినవాళ్ళు పోయారు, గుర్తు చెరిగింది. ఈ మాట చెప్పి ఊరుకునేవారు మరో మాట దాచిపెడతారు. పదకొండో శతాబ్దపు నడుమ చోళ రాజాధిరాజు పశ్చిమ చాళుక్యుల కల్యాణపురాన్ని తగలబెట్టి, అక్కడినించి ఒక ద్వారపాలకుణ్ణి ఎత్తుకొచ్చాడు. ఆ సంగతి విగ్రహం పీఠం మీదే గొప్పగా చెక్కించుకున్నాడు. ఆ బొమ్మ దారాసురం గుడిలో ఉండి, తర్వాత తంజావూరు చేరింది. తగలబెట్టినవాడూ శివభక్తుడే, తగలబడిన ఊరి రాజులూ శివుణ్ణి కొలిచినవాళ్ళే. విగ్రహాల దోపిడీ ఒక్క మతానికి గుత్తసొత్తు కాదు. అది రాజ్యాధికారపు అలవాటు.

నేలలో దాచినవి మళ్ళీ బయటికి వచ్చింది పండితుల వల్ల కంటే పార, గడ్డపారల వల్లనే ఎక్కువ. బావి తవ్వుతున్నవాడికి, పునాది తీస్తున్నవాడికి తగిలాయి. అక్కణ్ణించి దారులు రెండు. ఒకటి ప్రభుత్వం ద్వారా మ్యూజియానికి, రెండోది దళారి ద్వారా విదేశాలకి. 1976లో తంజావూరు జిల్లా పత్తూరులో ఒక కూలివాడికి దొరికిన నటరాజు చేతులు మారి మారి లండన్ చేరింది. 1982లో దాన్ని ఒక కెనడా సంస్థ రెండున్నర లక్షల పౌండ్లకు కొన్నది. కేసు నడిచింది. పాడుబడిన గుడి తరఫున దావా వేయవచ్చునని ఇంగ్లీషు కోర్టులు ఒప్పుకున్నాయి. 1991లో విగ్రహం తిరిగి వచ్చింది. శ్రీపురందాన్ గుడి నుంచి పోయిన నటరాజుని 2008లో ఆస్ట్రేలియా జాతీయ ప్రదర్శనశాల కొని, 2014లో వాపసు చేసింది. తిరిగి వచ్చినవీ, రక్షణ లేని పల్లె గుళ్ళనుంచి తెచ్చినవీ వేల సంఖ్యలో తిరువారూరు వంటి చోట్ల భద్రతా కేంద్రాల్లో తాళాల వెనక ఉన్నాయి. వాటికి పూజా లేదు, చూపూ లేదు. దేవుడు సరుకైపోయిన వ్యవస్థలో దేవుణ్ణి కాపాడటానికి కూడా జైలే గతి అయింది.

ప్రదర్శనశాలలో నేను ఉండగా పెద్ద గుడి చూసుకుని వచ్చిన పల్లెటూరి కుటుంబం ఒకటి లోపలికి వచ్చింది. వాళ్ళలో ముసలావిడ భిక్షాటనుడి ముందు ఆగి, అభిషేకం ఎన్నింటికని కాపలా మనిషిని అడిగింది. “ఇక్కడ పూజ లేదు పాట్టీ, చూడటమే” అన్నాడతను. ఆమె కాసేపు అలాగే నుంచుని, “అయ్యో, ఎంత చక్కగా ఉన్నాడు!” అంది. గుడిలో అయితే ఆ మాట ఆమె నోట వచ్చేది కాదు. వరం కోరుకునేది. మ్యూజియం చెయ్యగలిగిన మేలు ఈ మాటలో ఉంది. చెయ్యని పని కూడా ఇక్కడే తెలుస్తుంది. విగ్రహం కింద చీటీ మీద దేవుడి పేరు, దొరికిన ఊరు, శతాబ్దం ఉన్నాయి. ఇది ఎలా చేశారు, చేసినవాళ్ళు ఏ పేటలో ఉండేవారు, ఎవరి వరి దీనికి రాగి అయింది, ఎవరు మోశారు, ఎవరు దీనికి ఎదురుపడకూడదన్నారు అనే ప్రశ్నలకి చోటు లేదు. వందల గజాల శాసనం మైలు దూరంలోనే ఉంది. అందులోనించి పది వాక్యాలు తెచ్చి ఈ విగ్రహాల పక్కన పెడితే చాలు, ఆ ముసలావిడ మెచ్చుకున్న అందంలో తన వంశానికి కూడా పాలుందని ఆమెకి తెలుస్తుంది.

ఇదేదో పాత విషయం అనుకునేవాళ్ళకి ఒక మాట. ఈ ప్రదర్శనశాల పెట్టిన మరుసటి ఏడు, 1952లో, తంజావూరు పణ్ణైయాళ్ళ రక్షణకి ప్రభుత్వం ప్రత్యేక శాసనం చెయ్యవలసి వచ్చింది. కొరడా దెబ్బలకీ, పేడనీళ్ళు తాగించే శిక్షకీ ఎదురు తిరిగిన కూలీల పోరాటమే అంతకుముందరి దశాబ్దమంతా అక్కడ సాగింది. 1968 డిసెంబరు 25 రాత్రి, అప్పటి ఆ జిల్లాలోని కీళ్వెణ్మణిలో కూలి గింజలు పెంచమన్నందుకు 44 మంది దళితుల్ని గుడిసెలో పెట్టి కాల్చి చంపారు. వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళూ, పిల్లలూ. నందనారుని అడిగిన అగ్ని శతాబ్దాల తర్వాత కూడా ఆరలేదు. కావేరి వరి పండించే చేతులకీ, ఆ వరి మీద వెలిగిన అందానికీ మధ్య వేసిన గోడ ఇంకా పూర్తిగా కూలలేదు.

అంచేత, ఈ విగ్రహాల్ని భక్తులకే వదిలేద్దాం అనడం అభ్యుదయం కాదు. శ్రమజీవి చేసిన వస్తువుని అతని శత్రువుకే రెండోసారి ఒప్పజెప్పడం అవుతుంది. వీటిని మతం నుంచి మనం లాక్కోనక్కరలేదు. మొక్కేవాళ్ళని మొక్కనిద్దాం. కాని చేసినవాడి పేటనీ, పండించినవాడి పేటనీ తీసివేతల పద్దులోనించి తీసి అసలు లెక్కలోకి ఎక్కించే పని మాత్రం మనదే. తంజావూరు దాకా వెళ్ళనక్కర లేకుండా, మన ఊరి గుడిలో ఉత్సవ విగ్రహం ముందే ఆ పని మొదలుపెట్టవచ్చు. దాని పీఠం కింది కన్నాల్లో దూర్చిన కర్ర ఎవరి భుజం మీద ఉన్నదో చూస్తే చాలు.